అర్థం కాలేదనే డ్యూటీ

ఆ ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌కి కరెంటు వచ్చింది. అందరూ అలవాటుగా తలెత్తి ఫ్యాన్ల వైపు చూశారు. మాస్టారు మాత్రం గుమ్మం వైపు చూశారు. ప్రిన్సిపాల్ గారు ఇంకా రాలేదు.

"వస్తారంటారా మేడమ్?" అన్నారు గొంతు తగ్గించి.

"వస్తానన్నారండి."

"అయితే ఆ కుర్చీ ఖాళీ చేయించండి."

"ఆయన్ని ఆ కుర్చీలోనా? మీకేమన్నా మతి పోయిందా మాస్టారూ?"

"గాలి బాగా వచ్చేది అక్కడేనండి. పెద్దాయన వస్తుంటే ఫ్యాను కింద కూర్చోబెట్టకపోతే ఏం బాగుంటుంది?"

ఈ వేసవిలో మాస్టారు పోయారు. చర్చిలో ఆదరణ కూడిక జరిగినప్పుడు చాలామంది లేచి ఆయన గురించి మంచి మాటలు చెప్పారు. ప్రార్థనాపరుడన్నారు, క్రమశిక్షణ గల ఉపాధ్యాయుడన్నారు. అవన్నీ నిజమే. కానీ ఆయన ఎంత అల్లరి మనిషో ఒక్కరూ చెప్పలేదు. ఆ లోటు నాకు నచ్చలేదు. ఈ మధ్యే ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఇది చదివితే వాళ్లకి పని విషయంలో కూడా ఒకటి తెలుస్తుందని రాస్తున్నాను.

నేను రాజమహేంద్రవరంలో ఒక కాలేజీలో ల్యాబ్ ఇన్‌ఛార్జిగా పనిచేసి రిటైరయ్యాను. కంప్యూటర్లు నడిచినంతసేపూ నేనున్నానని ఎవరికీ గుర్తుండేది కాదు. ఆగితే మాత్రం అటెండరు దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ నా పేరు గుర్తొచ్చేది. మాస్టారు వేరే చోట, ఒక మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటే, ఎవరైనా తెరిచి చూసుకుని, కావాలంటే మార్చుకుని, పక్కవాళ్లకి ఇచ్చుకోగలిగేది. అది వాడేవాళ్లం పదిహేను ఇరవై మందిమి ఒక సంఘంగా, నెలకొక ఆదివారం మా ల్యాబ్‌లో కలిసేవాళ్లం. ఒకరు మాట్లాడేవారు, మిగతావాళ్లం వినేవాళ్లం. మూడింటికి పెట్టుకోవడానికి కారణం మాస్టారే. పొద్దున్న చర్చి, తర్వాత భోజనం, భోజనం తర్వాత కునుకు. "మూడింటికి ముందు నేను ఎవరికీ దొరకనండి" అనేవారు.

మొదట్లో మా కూటాలు ఎంత మర్యాదగా జరిగేవంటే, ఎవరికీ ఏమీ అర్థమయ్యేది కాదు.

ఒకసారి హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి మేం వాడే లైనక్స్ సాఫ్ట్‌వేర్ లోపల ఏం జరుగుతుందో రెండు గంటలు చెప్పారు. అందరం తలలూపాం. చప్పట్లు కొట్టాం. ఆయన్ని బస్సెక్కించి టీ కొట్టు దగ్గరికొచ్చాక మాస్టారు ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టారు.

"ఏం అర్థమైందండీ?"

ఎవరికీ ఏమీ అర్థం కాలేదని తేలింది.

"మరి అంతసేపు తలెందుకు ఊపారు?"

"ఆయన అంత దూరం నుంచి వచ్చారు కదండీ. అర్థం కాలేదంటే ఏం బాగుంటుంది?"

"మీకండీ?" అని నేను మాస్టారిని అడిగాను.

"నాకైతే మొదటి అయిదు నిమిషాల్లోనే తెలిసిపోయిందండి, ఇది మనకి కాదని. అక్కణ్నుంచి ఆయన చొక్కా గుండీలు చూస్తూ కూర్చున్నాను."

మా వైపు మనుషుల సంగతి మీకు తెలిసిందే. ఎదుటివాడు చెప్పేది అర్థం కాలేదంటే, నీకు చెప్పడం రాదన్నట్టు ఉంటుందని మా బెంగ. అందుకని మాస్టారు మనుషుల్ని మార్చే ప్రయత్నం చేయలేదు. అర్థం కాకపోవడాన్ని ఒక డ్యూటీ చేశారు. గుమ్మం పక్కన, ఫ్యాను కింద ఒక కుర్చీ వేశారు. ప్రతి నెలా వంతులవారీగా ఒకరు అందులో కూర్చోవాలి. కూర్చున్నవారు తలూపకూడదు. కొత్త మాట వినబడగానే "అర్థం కాలేదండి" అనాలి. వక్త విడమరిచి చెప్పాలి. చెప్పాక, కుర్చీలో ఉన్నవారు తమకి అర్థమైంది తమ మాటల్లో తిరిగి చెప్పాలి. తప్పు చెబితే మిగతా అందరం ఒక్కసారిగా "కాదండీ!" అని అరవాలి. అప్పటిదాకా వక్త ముందుకి కదలకూడదు.

ఈ కుర్చీ వచ్చాక మా ల్యాబ్ పూర్తిగా మారిపోయింది. పిఠాపురం నుంచి వచ్చే బ్యాంకు ఆఫీసరు గారు ఏళ్ల తరబడి మాతో ఉన్నారు, పెద్ద పెద్ద మాటలు వాడేవారు. ఆయన వంతు వచ్చినప్పుడు, "నాకు తెలుసనుకోండి, డ్యూటీ కాబట్టి అడుగుతున్నాను. అసలు సర్వర్ అంటే ఏంటండి?" అన్నారు. ఎవరూ నవ్వలేదు. సగం మందికి అదే అనుమానం ఉంది. మిగతా కంప్యూటర్లన్నిటికీ ఫైళ్లు అందించే పెద్ద కంప్యూటరని ఆ రోజే తేలింది. అందరూ ప్రశ్న ముందు ఆ మాటే అనేవారు, "నాకు తెలుసనుకోండి" అని. ఆ ఒక్క మాట చాటున దాక్కుని అందరం చాలా నేర్చుకున్నాం. అందరికీ ఎక్కువ ఇష్టమైంది మాత్రం "కాదండీ!" అని అరవడం. వారమంతా ఆఫీసుల్లో "ఆయ్, అలాగేనండి" అనేవాళ్లకి నెలకొకసారి దొరికే సుఖం అది.

ఇలా ఉండగా కొత్త ప్రిన్సిపాల్ గారు వచ్చారు. మెకానికల్ ఇంజనీరు. తలుపులంటే, తాళాలంటే పట్టింపు ఎక్కువ. వచ్చిన వారంలోనే వెనక గేటుకి గొలుసు వేయించారు. తర్వాత నన్ను పిలిచారు.

"ఆదివారం కాలేజీలో బయటివాళ్లకేం పని మేడమ్?"

చెప్పాను.

"ఏమన్నా పాడైతే ఎవరు బాధ్యులు?"

"పాడైతే బాగుచేసేది వాళ్లేనండి. నాకు చేతకానివి వాళ్లు చూసిపెడుతుంటారు."

"అది నాకు అర్థం కాదు. సరే, ఈ నెల నేనే వచ్చి చూస్తాను. చూశాక ఉంచాలో మూయాలో చెప్తాను."

మూస్తే మాకు వేరే చోటు లేదు. అంతకుముందు ఒక కల్యాణ మంటపం భోజనాల హాల్లో ప్రయత్నించాం, పక్క హాల్లో పెళ్లి మేళం ముందు వక్త గొంతు నిలవలేదు. నా మట్టుకు నాకు, నెలంతా ఫిర్యాదులు వినే ఆ గదిలో మనుషులు నవ్వగా విన్నది ఆ ఒక్క పూటే. అది పోతుందనుకుంటే దిగులుగా ఉండేది. ఆ దిగులు మాస్టారికి చెప్పుకుంటే ఆయన చేసిన ఉపాయం, పైన చెప్పానే, ప్రిన్సిపాల్ గారిని ఆ కుర్చీలో కూర్చోబెట్టడం.

ఆ నెల కుర్చీ వంతు ఒక కాకినాడ అమ్మాయిది. చేపల వేట కుటుంబం, తను మాత్రం అక్కడే ఒక ఆఫీసులో క్లర్కు. నోరు ఊరుకోదు.

"నా డ్యూటీ నాకివ్వకుండా తప్పించేస్తారేంటండీ? రెండు నెలల్నుంచి అనుమానాలు పోగేసుకున్నాను."

"ఈ ఒక్కసారికి త్యాగం చెయ్యమ్మా," అన్నారు మాస్టారు.

ప్రిన్సిపాల్ గారు వచ్చారు. అందరం లేచి నిలబడ్డాం. మాస్టారు ఎదురెళ్లి, చెయ్యి చూపించి, ఫ్యాను కింద కూర్చోబెట్టారు. ఆయన కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నారు. ఆ రోజు మాట్లాడేది మాస్టారే.

"ప్రతి ఫైలుకీ ఒక యజమాని ఉంటారండి. ఒక గ్రూపు ఉంటుంది. ఆ ఇద్దరూ కానివాళ్లందరూ ఇతరులు. ఫైలు చదవొచ్చా, మార్చొచ్చా, నడపొచ్చా అనే అనుమతులు ఈ ముగ్గురికీ విడివిడిగా ఇస్తాం." అని ఆగి, ప్రిన్సిపాల్ గారి వైపు చూశారు.

"ఊఁ, అర్థమైంది. కానివ్వండి."

"ఏం అర్థమైందో చెప్పాలండి."

ప్రిన్సిపాల్ గారు కాలు మీది కాలు దించారు.

"నేనా?"

"ఆ కుర్చీలో కూర్చున్నవారు చెప్పాలండి. రూలు. నేను పెట్టింది కాదండి, సంఘం పెట్టింది." ఇంత పచ్చి అబద్ధం ఒక చర్చి పెద్ద నోట నేను మళ్లీ వినలేదు.

"కుర్చీకి హోదా తెలీదు కదండి సార్," అంది కాకినాడ అమ్మాయి.

కోప్పడతారనుకున్నాను. ఆయన లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, మీటింగులో మాట్లాడినట్టు మొదలుపెట్టారు.

"యజమాని అంటే ఇక్కడ నేను. గ్రూపు అంటే మన స్టాఫు, స్టూడెంట్సు. ఇతరులంటే గేటు బయటివాళ్లు. వాళ్లకి ఏ అనుమతీ ఇవ్వకూడదు. అంతేనా?"

అది పూర్తిగా తప్పు. కంప్యూటరుని నడిపించే ఫైళ్లకి యజమాని ప్రిన్సిపాల్ కాదు, సిస్టమే. స్టూడెంట్లు, స్టాఫు, చివరికి ప్రిన్సిపాల్ గారు కూడా వాటికి ఇతరుల లెక్కే. ఇతరులకి చదివే అనుమతి ఉంది కాబట్టే అందరం లోపలికి వెళ్లి పని చేసుకోగలుగుతున్నాం. ఇదే మాట ఆ కుర్చీలోంచి ఇంకెవరన్నా చెప్పి ఉంటే ఆ రోజు ల్యాబ్ పైకప్పు లేచిపోయేది.

ఎవరూ అరవలేదు. మాస్టారు నా వైపు చూశారు. నేను కాకినాడ అమ్మాయి వైపు చూశాను. ఆ అమ్మాయి ఫ్యాను వైపు చూసింది. తర్వాత అందరం తలలూపాం. "చాలా చక్కగా చెప్పారు సార్," అన్నారు బ్యాంకు ఆఫీసరు గారు. మాస్టారు ముందుకి కదిలి, ఇతరుల అనుమతులు తీసేసే కమాండు ఒక ఫైలు మీద చూపించారు.

"వీటన్నిటికీ అతీతంగా ఒకరుంటారండి. రూట్ అంటాం. రూట్‌కి ఏ అనుమతీ అక్కర్లేదు. ఏదైనా చేయొచ్చు."

"అర్థం కాలేదు," అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఈసారి తనంతట తనే అన్నారు. "ఈ కాలేజీలో ఆ రూట్ ఎవరు?"

మాస్టారి చెయ్యి నా వైపు తిరిగింది. ప్రిన్సిపాల్ గారు కుర్చీతో సహా తిరిగారు.

"నాకు లేని అధికారం మేడమ్‌కి ఉందా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"రేపు పొద్దున్న ఆ పాస్‌వర్డ్ నాకు చెప్పండి."

టీ తాగేటప్పుడు బజ్జీలు బాగున్నాయన్నారు. ల్యాబ్ సంగతి ఏమీ అనలేదు. "సోమవారం చెప్తాను," అని వెళ్లిపోయారు.

"పాస్‌వర్డ్ ఏం చేయమంటారు మాస్టారూ?"

"చెప్పేయండి. అడుగుతున్నది యజమాని కదా," అన్నారు బజ్జీ నములుతూ.

సోమవారం పొద్దున్న ఆయన గదికి వెళ్లి చెప్పాను. మంగళవారం నుంచి ప్రాక్టికల్ పరీక్షలు. నేను ల్యాబ్‌లో ఆ ఏర్పాట్లలో ఉన్నాను. పదకొండు దాటాక ఒక వరస పిల్లలు లేచి నిలబడ్డారు.

"మేడమ్, లాగిన్ అవ్వట్లేదు."

తర్వాత రెండో వరస. తర్వాత ఆఫీసు రూము నుంచి, స్టాఫు రూము నుంచి ఫోన్లు. నేను గబగబా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాను. ఆయన కంప్యూటరు ముందు చాలా సంతోషంగా ఉన్నారు. వెనక గేటుకి గొలుసు వేయించిన రోజు కూడా అలాగే ఉన్నారు.

"రండి మేడమ్. నిన్న మాస్టారు చెప్పిన కమాండు వాడాను. సర్వర్లో డిస్కు మొత్తానికీ ఇతరుల అనుమతులు తీసేశాను. బయటివాడు ఒక్కడు కూడా వేలు పెట్టలేడు ఇక."

"సార్, ఆ ఇతరులం మనమేనండి."

"అదేంటి?"

"పిల్లలు, స్టాఫు, నేను. మీరు కూడా సార్."

ఆయన తన సొంత పేరుతో లాగిన్ అవ్వబోయారు. అవ్వలేదు. మళ్లీ ప్రయత్నించారు. మెల్లగా మొహం ఎర్రబడింది.

"నిన్న నేను చెబితే అందరూ అవునన్నారు కదా! మీరూ అన్నారు!"

నేను ఆయన తెర మీద వచ్చిన మాటలు చదువుతూ నిలబడ్డాను.

"ఇందుకే బయటివాళ్లు వద్దంటున్నాను. రేపు పరీక్ష జరగలేదంటే మీ సంఘం మళ్లీ ఆ ల్యాబ్ మెట్లెక్కదు. చెప్తున్నాను."

మాస్టారికి ఫోన్ చేశాను. జరిగింది విని, "డిస్కు మొత్తానికా?" అన్నారు. ఆయన నవ్వు ఆపుకుంటున్నారని తెలుస్తూనే ఉంది.

"నవ్వకండి మాస్టారూ. ల్యాబ్ పోయేట్టుంది."

"సార్‌ది పెద్ద చెయ్యి అండి. మనం ఒక ఫైలుకి చూపిస్తే ఊరంతటికీ చేశారు. వస్తున్నాను, వస్తున్నాను."

స్కూల్లో పర్మిషన్ తీసుకుని మధ్యాహ్నానికి వచ్చేశారు. మాస్టారు కబురు చేస్తే కాకినాడ అమ్మాయి సగం రోజు సెలవు పెట్టి బస్సులో వచ్చింది. చేయాల్సింది అర్థమయ్యేట్టు చెప్తాను. వాడకుండా పక్కన పెట్టిన పాత సర్వరు ఒకటి ఉంది. అందులో ఏ ఫైలుకి ఏ అనుమతి ఉందో చూసి, పాడైన దాంట్లో మళ్లీ అదే పెట్టాలి. సిస్టమ్ ఫైళ్లు తొందరగానే అయిపోతాయి. పిల్లల ఫైళ్లు, పరీక్ష ఫైళ్లు మాత్రం ఒక్కొక్కటీ సరిచూడాలి. నేను ఒక్కదాన్నే అయితే మర్నాటికి అయ్యే పని కాదు.

మేం మొదలుపెట్టబోతుండగా ప్రిన్సిపాల్ గారు వచ్చి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. మాస్టారు లేచి ఫ్యాను కింది కుర్చీ చూపించారు.

"కూర్చోండి సార్."

"ఇంకా అందులోనేనా?"

"ఇవాళ కావాల్సింది అందులోనేనండి. ముందు మీకో మాట చెప్పాలి. నిన్న మీరు చెప్పింది తప్పండి."

"ఆ సంగతి నాకు ఇవాళ తెలిసింది."

"మాకు నిన్ననే తెలుసండి. నాకు తెలుసు, మేడమ్‌కి తెలుసు, ఈ అమ్మాయికి తెలుసు. ఈ గదిలో ఎవరు తప్పు చెప్పినా కాదండీ అని అరుస్తాం. మీరు చెప్పేసరికి తలూపాం. మీరు ప్రిన్సిపాల్ కదాని."

ఆయన నా వైపు తిరిగారు. "నిజమేనా మేడమ్?"

"నిజమేనండి."

"అంటే అనుమతులు తీసింది నేను, తీయించింది మీరు."

"అంతేనండి," అంది కాకినాడ అమ్మాయి. "పైగా చక్కగా చెప్పారని కూడా అన్నాం."

నేను మనసులో ల్యాబ్‌కి వీడ్కోలు చెప్పేసుకున్నాను. చివరికి ఆయన అడిగిన ప్రశ్న నేను ఊహించింది కాదు.

"నేను వచ్చిన దగ్గర్నుంచీ ఈ కాలేజీలో నేను చెప్పినవాటికి ఎంతమంది ఇలా తలూపి ఉంటారు?"

ఆయన నిట్టూర్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"సరే. మొదట్నుంచి చెప్పండి. యజమాని ఎవరు?"

మాస్టారు మొదట్నుంచి చెప్పారు. మేం పని చేస్తూనే ఉన్నాం. ప్రిన్సిపాల్ గారు తిరిగి చెప్పారు. సగం సరిగ్గా, సగం తప్పుగా. అప్పుడు మాస్టారు కీబోర్డు మీద నుంచి తలెత్తకుండానే, చాలా నెమ్మదిగా, చాలా మర్యాదగా, "కాదండీ," అన్నారు.

"గట్టిగా అనండి," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ముగ్గురం కలిసి అరిచాం. కారిడార్లో పోతున్న అటెండరు పరిగెత్తుకొచ్చాడు.

దీపాలు పెట్టే వేళకి పని అయిపోయింది. లాగిన్ పనిచేస్తోందో లేదో ఆయన పేరుతోనే చూశాం. తెర తెరుచుకోగానే పక్కన బల్ల మీద చేత్తో గట్టిగా కొట్టారు. మర్నాడు పరీక్ష జరిగింది.

"ల్యాబ్ సంగతి ఏం చేద్దామండి మరి?" అని మెట్లు దిగేటప్పుడు మాస్టారే అడిగారు.

"మీరు మళ్లీ తలూపరని ఏంటి నమ్మకం?"

"లేదండి. అలవాటు పోవాలంటే మీరు నెలనెలా రావాలి."

వచ్చారు. అదే మాకు పడిన శిక్ష. మిగతావాళ్ల వంతులు పోయాయి, కుర్చీ ఆయన సొంతమైపోయింది. వచ్చిన వక్తలు మూడో స్లైడు దాటడం గగనమైంది. "అర్థం కాలేదు" అనే మాట ఆయన పిప్పరమెంటు బిళ్ల చప్పరించినట్టు అనేవారు. హైదరాబాద్ నుంచి పాత ఆయనే మళ్లీ వచ్చినప్పుడు, రెండు గంటలకని తెచ్చుకున్నదాంట్లో పావు వంతే చెప్పగలిగారు. ఆ పావు వంతు మాకు ఇప్పటికీ గుర్తుంది. పాస్‌వర్డ్ మాత్రం ప్రిన్సిపాల్ గారే తిరిగి ఇచ్చేశారు. "మార్చి, నాకు చెప్పకండి," అన్నారు.

ఆయన బదిలీ అయ్యాక వచ్చిన ప్రిన్సిపాళ్లు ఎవరూ అభ్యంతరం పెట్టలేదు. నేను రిటైరయ్యాక కొత్త ఇన్‌ఛార్జి కూడా తాళం తీసి పెట్టేవాడు. పోయినేడాది మాస్టారికి ఒంట్లో బాగాలేక ఆస్పత్రిలో చూపిస్తే, డాక్టరు గారు రిపోర్టులు పట్టుకుని ఇంగ్లీషు మాటలతో చాలాసేపు చెప్పారు. వాళ్ల ఇంటివాళ్లు, నేను, అందరం తలూపాం. మాస్టారు మంచం మీద నుంచి, "అర్థం కాలేదండి," అన్నారు. డాక్టరు మంచివాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని తెలుగులో మళ్లీ చెప్పాడు. మాస్టారు విని, తన మాటల్లో తిరిగి చెప్పారు. అందులో తప్పేమీ లేదు. కాదండీ అనడానికి మాకు వీల్లేకపోయింది.

ఆయన పోయాక రెండుసార్లు కలిశాం. వక్తలు బాగానే మాట్లాడారు. మేం తలలూపాం, చప్పట్లు కొట్టాం, టీ తాగి ఇళ్లకి వెళ్లాం. మూడో నెల ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో తెలీక ఎవరూ చేయలేదు. ల్యాబ్ మూయమని ఎవరూ చెప్పలేదు. ఆదివారాలు తెరవడం లేదు.